కార్తికపు రాత్రి, రేపటి చలి



వర్షర్తువు గడచి, నైరృతినుండి వచ్చిన తేమగాలులు వెనుదిరిగి, ఈశాన్యపు పొడిగాలి దక్కను పీఠభూమిపై మెల్లగా ప్రసరించు కార్తికమాసమున, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నెలకొన్న హైదరాబాదు నగరమునందు, పగలు ఎండ చురుకుగా కాసినను రాత్రి చలి ప్రవేశించును. ఇందులకు ముఖ్యకారణము ఆకాశనైర్మల్యము. మేఘములును, గాలిలోని తేమయు భూమినుండి వెలువడు ఉష్ణమును కొంత గ్రహించి మరల భూమికే ప్రసాదించును; అవి కొరవడిన రాత్రి, నేల తాను పగలంతయు ఆర్జించిన వేడిమిని అంతరిక్షమునకు వెదజల్లి, సూర్యోదయవేళకు మిక్కిలి చల్లబడును.

కావుననే వాతావరణ శాస్త్రజ్ఞుడు రేపటి కనిష్ఠోష్ణోగ్రతను నిర్ణయింపబూనినపుడు సాయంకాలపు మేఘావరణమును, తేమను, గాలివేగమును పరిశీలించును. గాలి నిశ్చలమైనచో చలి హెచ్చును. వీచినచో పైపొరల వెచ్చదనము క్రిందికి కలిసి చలి తగ్గును. అయినను నగరమంతకును ఒకే అంకె చాలదు: కట్టడములును సిమెంటు బాటలును వేడిమిని దాచుకొను నడిబొడ్డునందుకన్న, పొలములు విస్తరించిన పటాన్‌చెరు, రాజేంద్రనగరములయందు ఉష్ణమాపకము తరచుగా మరికొంత దిగును.

మైదానప్రాంతమున కనిష్ఠోష్ణోగ్రత 10 డిగ్రీలకో, అంతకు దిగువకో చేరి, సాధారణముకన్న 4.5 డిగ్రీలైనను తగ్గినపుడు, భారత వాతావరణశాఖ దానిని శీతగాలుల స్థితిగా పరిగణించును. వృద్ధులకును, పసిబిడ్డలకును, రాత్రి కావలి కాయువారికిని, ఆకాశమే కప్పుగా పరుండు నిరాశ్రయులకును అట్టి స్థితిని గూర్చిన ముందస్తు సూచన ప్రాణరక్షకము.

శ్రోతలారా, నేటి సాయంకాలము రేపటి కనిష్ఠోష్ణోగ్రతను వినుడు. మీ యింట వాడుకలేని కంబళి యున్నచో, చీకటి పడకముందే అవసరమైనవారికి అందజేయుడు.