పాచికలూ పగ్గాలూ

శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న త్రిపురాంతకం పశ్చిమ ప్రకాశంలో ఒక కొండ మీద ఉంది. అక్కడి స్వామి పేరులోనే ఒక ఆకాశయుద్ధం దాగి ఉంది. తారకాసురుడి కొడుకులు తారకాక్షుడు, కమలాక్షుడు, విద్యున్మాలి మయుడి చేత మూడు పురాలు కట్టించుకున్నారు. ఒకటి బంగారంతో, ఒకటి వెండితో, ఒకటి ఇనుముతో. మూడూ ఆకాశంలో తిరిగేవి. వెయ్యేళ్లకొకసారి ఒక్క క్షణం ఒకే వరుసలోకి వచ్చేవి. ఆ క్షణంలో ఒకే బాణంతో కొడితేనే అవి కూలుతాయి. అందుకోసం దేవతలంతా కలిసి శివుడికి రథం సిద్ధం చేశారు. భూమి రథమైంది, సూర్యచంద్రులు చక్రాలయ్యారు, మేరువు విల్లయింది, విష్ణువు బాణమయ్యాడు, బ్రహ్మ పగ్గాలు పట్టాడు.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. దీని తర్వాతి భాగం తక్కువగా చెప్పుకుంటారు. పురాలు దగ్ధమైనా వాటిని కట్టిన మయుడు శివుడి దయవల్ల బతికి బయటపడ్డాడని మత్స్య పురాణం చెబుతుంది. త్రిపుర సంహారం వేళ రుద్రుడి కళ్ల నుంచి రాలిన నీటి బిందువులే రుద్రాక్షలయ్యాయని రుద్రాక్షజాబాలోపనిషత్తు చెబుతుంది. త్రిపురాంతకం కొండెక్కే భక్తుడు మెడలో వేసుకునేది ఆ కన్నీటినే. గెలిచినవాడు దేవుడే అయినా, చంపడం న్యాయమే అయినా, కన్ను చెమర్చాల్సిందేనని మన పెద్దలు ఎంత నిశ్చయంగా చెప్పారో తెలియడానికి ఈ ఒక్క కథ చాలు.

ఇరవయ్యో శతాబ్దంలో ఆకాశయుద్ధం పురాణం దాటి మనుషుల చేతికి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు తెలుగువాళ్లకూ అది కళ్లెదుటి సంగతైంది. ఆ రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన పైలట్లలో ఒకరి జీవితం ధర్మచింతన చేసేవాళ్లకు గట్టి ప్రశ్నే వేస్తుంది. ఆయన పేరు టోనీ గేజ్. 1920లో ఆస్ట్రేలియాలో పుట్టాడు. ఇంగ్లండ్‌లో చదువుకుంటుండగా యుద్ధం వచ్చింది. బ్రిటిష్ వైమానిక దళంలో చేరి స్పిట్‌ఫైర్ నడిపాడు. తమ్ముడు స్కాట్ కూడా పైలటే. 1941లో ఆ తమ్ముడు మరణించాడు. అన్న మాత్రం యుద్ధం ముగిసేదాకా ఎగురుతూనే ఉన్నాడు.

1943 సెప్టెంబరులో ఫ్రాన్స్ మీద శత్రువులు ఆయన విమానాన్ని కూల్చేశారు. నేలకు దిగిన గేజ్‌ను ఫ్రెంచి ప్రతిఘటన దళాలవాళ్లు దాచారు. పిరనీస్ పర్వతాలు దాటి ఇంగ్లండ్ చేరి, మళ్లీ యుద్ధానికే వెళ్లాడు. 1945 ఫిబ్రవరి 14న స్పిట్‌ఫైర్‌తో జర్మన్ జెట్ విమానం మెసర్‌ష్మిట్ 262ను కూల్చాడు. ఆ జెట్ వేగం ఆయన విమానం కన్నా గంటకు వంద కిలోమీటర్లకు పైగా ఎక్కువ. దాన్ని వెంటాడి పట్టుకోవడం అసాధ్యం. ఎత్తూ కోణమూ సమయమూ కుదిరితేనే అది చిక్కుతుంది. యుద్ధం మొదట్లో స్పిట్‌ఫైర్ మెషిన్‌గన్లకు ఉండే తూటాలు ఆగకుండా కాలిస్తే సుమారు 15 సెకన్లలో అయిపోయేవి. త్రిపురాల వరుస కుదిరే ఆ ఒక్క క్షణం కవికల్పన కాదని ఏ యుద్ధ పైలటైనా ఒప్పుకుంటాడు.

గేజ్ ఖాతాలో పన్నెండున్నర విమానాలున్నాయి. ఇద్దరు కలిసి కూల్చితే చెరి సగం రాసుకోవడం వైమానిక దళాల పద్ధతి. లెక్క విమానాలకే, అందులో ఉన్న మనిషికి కాదు. మరణాన్ని సగానికి కోయలేం. ఇలా అన్నానని ఆ పైలట్‌ను తప్పుపట్టినట్టు కాదు. హిట్లర్ సేనలను ఎదిరించి ఎగిరినవాళ్లు చేసింది చేయక తప్పని పని. అర్జునుడికి కృష్ణుడు చెప్పిన స్వధర్మం అలాంటిదే. మనసులో ద్వేషం లేకుండా, ఫలం నాదనే పట్టుదల లేకుండా, తన వంతు పని చేయమన్నాడు. అయినా చేసిన పనికి దుఃఖం రాక మానదు. కురుక్షేత్రం గెలిచిన ధర్మరాజు సింహాసనం వద్దని ఎంత ఏడ్చాడో శాంతిపర్వం చదివినవాళ్లకు తెలుసు.

అసలు చిక్కు యుద్ధం తర్వాత మొదలవుతుంది.

బతికి బయటపడ్డవాడు ప్రాణాన్ని భద్రంగా దాచుకోవాలి కదా! గేజ్ అలా చేయలేదు. కారు రేసుల్లోకి దిగాడు. యుద్ధకాలంలో ఆయన పనిచేసిన వెస్ట్‌హాంప్‌నెట్ ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ ఒక రోడ్డుండేది. ఆ నేల రిచ్‌మండ్ డ్యూక్‌ది. ఆ రోడ్డు మీద రేసులు పెట్టవచ్చుగదా అని డ్యూక్‌కు సూచించినవాడు గేజే. 1948 సెప్టెంబరు 18న గుడ్‌వుడ్ సర్క్యూట్‌గా అది మొదలైంది. 1952లో బెల్జియం గ్రాండ్ ప్రీలో దిగి, ఫార్ములా వన్ ప్రపంచ పోటీల్లో పాల్గొన్న తొలి ఆస్ట్రేలియా పౌరుడయ్యాడు. 15వ స్థానంలో వచ్చాడు. మరుసటి ఏడు పోర్చుగల్ రేసులో ఆయన ఆస్టన్ మార్టిన్ చెట్టును ఢీకొని రెండు ముక్కలై తగలబడింది. ఆయన బయటికి ఎగిరిపడి బతికాడు. ఆ తర్వాతా రేసులు మానలేదు.

యుద్ధంలో పెట్టిన ప్రాణానికి దేశం అడిగిందన్న కారణం ఉంది. రేసులో పెట్టిన ప్రాణాన్ని ఎవరడిగారు? ఈ శరీరం ధర్మసాధనమని నమ్మే సంప్రదాయంలో దాన్ని సరదాకు పణం పెట్టే హక్కు మనిషికి ఉందా?

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్‌ని అడిగితే యుద్ధంలో ఎదురయ్యే మరణం ముందు నిలబడడమే అసలైన ధైర్యమంటాడు. భయమే లేనివాడిని ధీరుల్లో చేర్చడు. మన పౌరాణికులను అడిగితే జూదానికి ధర్మరాజును, వేటకు పాండురాజును ఉదాహరణగా చూపి, వ్యసనం రాజులనే కూల్చిందంటారు. ఈ రెండు సమాధానాలూ బలమైనవే. కానీ రేసు కారు నడపడం వ్యసనమో కాదో ముందు తేల్చాలి. దానికి మహాభారతంలోనే ఒక కథ ఉంది.

నలుడి కథను జూదం కథగానే గుర్తుపెట్టుకుంటాం. కలి ఆవహించగా తమ్ముడు పుష్కరుడి చేతిలో రాజ్యం పోగొట్టుకున్నాడు, కట్టుబట్టతో అడవిపాలయ్యాడు, నిద్రపోతున్న భార్య దమయంతిని వదిలి వెళ్లిపోయాడు. తర్వాత బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరాడు. దమయంతికి రెండో స్వయంవరమన్న కబురు వినగానే ఋతుపర్ణుడిని ఒక్క పగటిలో విదర్భకు చేర్చేందుకు రథం తోలాడు. దారిలో రాజుగారి ఉత్తరీయం జారిపడింది. ఆపమంటే, అది అప్పుడే ఒక యోజనం వెనక ఉండిపోయిందన్నాడు బాహుకుడు. భారతీయ సాహిత్యంలో వేగాన్ని ఇంతకన్నా బాగా చూపిన సందర్భం మరొకటి ఉండదు.

ఆ వేగం మధ్యలో జరిగిన ఘట్టమే అసలు విషయం. ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూసి, దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పేశాడు. నలుడు నమ్మి ఊరుకోలేదు. ఆలస్యమవుతుందన్నా వినకుండా రథం ఆపి, దిగి లెక్కపెట్టి సరిచూసుకున్నాడు. అప్పుడు ఇద్దరూ విద్యలు మార్చుకున్నారు. నలుడి అశ్వహృదయం, అంటే గుర్రాల మర్మం, ఋతుపర్ణుడికి; ఋతుపర్ణుడి అక్షహృదయం నలుడికి. నలుడికి పాచికల మర్మం తెలిసిన ఆ క్షణానే అతని ఒంట్లోని కలి బయటికి వెళ్లిపోయాడు.

వ్యాసుడు ఇక్కడ పాచికలను పాపమనీ పగ్గాలను పుణ్యమనీ విడదీయలేదు. తెలియకుండా ఆడిన ఆట నలుణ్ని కూల్చింది. తెలిసి పట్టిన పగ్గం అతణ్ని నిలబెట్టింది. అదృష్టానికి వదిలేస్తే జూదం, అభ్యాసంతో పట్టుకుంటే విద్య. ప్రమాదం రెండింటిలోనూ ఉంది. ఒకదాంట్లో మనిషి ప్రమాదానికి లొంగిపోతాడు, రెండోదాంట్లో దాన్ని కొలుస్తాడు. చివరికి నలుడు పుష్కరుడితో ప్రాణాలనే పణంగా పెట్టి మళ్లీ ఆడాడు, గెలిచాడు. గెలిచాక తమ్ముణ్ని చంపకుండా విడిచిపెట్టాడు. త్రిపురాల్లో మయుడికి దొరికిన దయ ఇక్కడ పుష్కరుడికి దొరికింది.

ఈ కొలతతో చూస్తే గేజ్ రేసింగ్‌ను వ్యసనమని తోసేయలేం. మలుపు ఎక్కడుందో, టైరు ఎంతవరకు పట్టు నిలుపుకుంటుందో, బ్రేకు ఎప్పుడు వేయాలో తెలుసుకుని నడిపే విద్య అది. విమానంలో నేర్చుకున్న కొలతే నేల మీదా పనికొచ్చింది. ఆ తర్వాత ఆయన ఇంజిన్ లేని గ్లైడర్ విమానాల ప్రపంచ పోటీల్లోనూ పాల్గొన్నాడు. వేగం కన్నా గాలిని చదివే ఓపికే అక్కడ ముఖ్యం. 2013 జూలైలో 93 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. చావుకోసం వెతుక్కునేవాడు అన్నేళ్లు, అన్ని యంత్రాలను అంత నేర్పుతో నడపలేడు.

అయినా హక్కు ప్రశ్న పూర్తిగా తీరలేదు. ప్రాణం ఒక్కడిదే అయితే తీరేది. నలుడి కథలో మూల్యం చెల్లించింది దమయంతి. చింపిన సగం చీరతో అడవిలో కొండచిలువకు చిక్కింది ఆమే. గేజ్ ఆప్తమిత్రుడు లెక్స్ డేవిసన్ ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రీ నాలుగుసార్లు గెలిచినవాడు. 1965లో మెల్‌బోర్న్ దగ్గరి శాండౌన్ ట్రాక్ మీద మరణించాడు. భార్య డయానా, పిల్లలు మిగిలారు. పన్నెండేళ్ల తర్వాత, భార్యను కోల్పోయిన గేజ్, ఆ డయానా పెళ్లి చేసుకున్నారు. రేసు కారులో కూర్చునేది ఒక్కడే గాని, ఆ కారు చక్రాల కింద ఒక ఇల్లంతా ఉంటుంది. భార్యాపిల్లల అనుమతి లేని సాహసాన్ని వీరత్వమనడం అన్యాయం.

ఇంకో గట్టి హద్దు 1955 జూన్ 11న బయటపడింది. ఫ్రాన్స్‌లోని లే మాన్ రేసులో ఒక మెర్సిడెస్ కారు ఎగిరి జనం మీద పడింది. డ్రైవరు పియెర్ లెవెగ్‌తో పాటు ప్రేక్షకులు 80 మందికి పైగా చనిపోయారు. స్విట్జర్లాండ్ సర్క్యూట్ రేసులను నిషేధించి దశాబ్దాల పాటు ఆ నిషేధాన్ని కొనసాగించింది. తన ప్రాణం తాను పెట్టుకున్నవాడి సంగతి వేరు. పక్కన నిలబడ్డవాడి ప్రాణాన్ని అడక్కుండా పణం పెట్టడం వేరు. మొదటిదాని మీద వాదించవచ్చు, రెండోదానికి ఏ శాస్త్రంలోనూ సమర్థన దొరకదు. ద్యూతసభలో ద్రౌపది అడిగిన ప్రశ్న కూడా ఈ దారిదే: తనను తాను ముందే ఓడినవాడు నన్నెలా ఒడ్డాడు?

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్తేమీ కాదు. మద్రాసుకు ఉత్తరాన ఉన్న షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్ మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏళ్ల తరబడి రేసులు నడిపింది. కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ స్థాపించిన తెలుగు నాయుడు కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ రేసులు గెలవడంతో ఆగలేదు. మారుతి ఇంజిన్‌తో తక్కువ ఖర్చుకు రేసు కార్లు తయారుచేసి, డబ్బు లేని కుర్రాళ్లకూ ఈ ఆట అందించాడు. 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. గేజ్ తన సాహసం తాను చేశాడు. కరివర్ధన్ ఇంకొకరికి నేర్పే ఏర్పాటు చేశాడు. ధర్మం వైపు నుంచి చూస్తే రెండోదే పెద్ద పని.

ఇప్పుడు పశ్చిమ ప్రకాశం రోడ్ల మాట. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్, గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమలలోకి దిగే ఘాట్, రెండూ మలుపుల మీద మలుపులు. యాత్రికుల బస్సులు, పలకల లారీలు, కాలినడకన వెళ్లే శివస్వాములు, రోడ్డు దాటే అడవి జంతువులు అన్నీ ఆ దారిలోనే. ఆ మలుపుల్లో ముగ్గురెక్కిన బైకును హెల్మెట్ లేకుండా తోలే కుర్రాడు తనను రేసరుగా భావించుకుంటాడు. అతని చేతిలో ఉన్నవి పగ్గాలు కావు, పాచికలు. అతనికి మలుపు తెలియదు, ఎదురొచ్చేవాడి అనుమతి లేదు, ఇంట్లో అమ్మకు సంగతే తెలియదు. నలుడిలోకి కలి ప్రవేశించిన స్థితి అది.

కుర్రాళ్లను తిట్టి ఊరుకోవడం పెద్దల పని కాదు. వేగం మీద మోజు తప్పు కాదు, దానికి గురువు లేకపోవడమే తప్పు. మార్కాపురం నుంచి వినుకొండ వైపు వెళ్లే రైలు ఆగే దొనకొండలో బ్రిటిష్‌వాళ్లు రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసిన ఎయిర్‌స్ట్రిప్ ఉంది. దాన్ని మళ్లీ విమానాశ్రయం చేయాలన్న ప్రతిపాదనలు ఏళ్లుగా వినిపిస్తున్నాయి. విమానాలు వస్తే మంచిదే. గుడ్‌వుడ్‌లో నేటికీ మధ్యలో విమానాలు దిగుతాయి, చుట్టూ కార్లు తిరుగుతాయి. ఒకటి ఇంకొకదానికి అడ్డు రాలేదు.

దొనకొండలో గానీ, మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల బీడుపడ్డ మరో ప్రభుత్వ భూమిలో గానీ, బైకూ కారూ నేర్పే ఒక శిక్షణ ట్రాక్ వేయమని ఇక్కడి ప్రజలు అడగాలి. హెల్మెట్, గురువు, అంబులెన్సు, ఇంటి నుంచి రాతపూర్వక అనుమతి ఉంటేనే లోపలికి రానివ్వాలి. శాసనసభ్యులకూ జిల్లా అధికారులకూ ఇచ్చే అర్జీల్లో ఇదీ ఒకటి చేర్చండి. మీ ఇంట్లో వేగం ఇష్టపడే పిల్లవాడుంటే, ఆ అర్జీ మీద మొదటి సంతకం అతని చేతే పెట్టించండి.