చేతికి తెలిసింది, కాగితానికి ఎక్కింది

బొంగరం తిప్పటం ఎలాగో కాగితం మీద రాసి నేర్పగలమా? ఈ ప్రశ్న వింటే ఎవరైనా నవ్వుతారు. తాడు చుట్టి చేతికిస్తే కుర్రవాడు నాలుగు రోజులలో పట్టుకునే విద్యకు పుస్తకం దేనికంటారు. కాని యోయో ఆడేవారిలో ఈ ప్రశ్న నిజంగానే వున్నది. ఫిలిప్పీన్సు నుంచి వలసపోయిన పెద్రో ఫ్లోరెస్ 1928లో కాలిఫోర్నియాలో యోయోల కార్ఖానా పెట్టిన తరువాత ఆ ఆట దేశదేశాలకూ పాకింది. దారం ఏ వేలి మీదుగా పోయి ఏ పోగు మీద వాలిందో గుర్తులలో రాసుకుంటే ఒకచోటి విన్యాసం మరొకచోటికి తేలికగా చేరుతుందని ఒక వాదం. రాసిన క్షణాన అది చచ్చి వూరుకుంటుందని మరొక వాదం. పైకి ఇది పిల్లల తగవు. విప్పి చూస్తే శ్రమనూ జ్ఞానాన్నీ గూర్చిన పాత తగవే.

దారపు విద్యను రాతలో పెట్టే ప్రయత్నం కొత్తది కాదు. 1898లో కేంబ్రిడ్జి నుంచి టారెస్ జలసంధి దీవులకు వెళ్లిన హాడన్, రివర్స్ అనే పండితులు అక్కడివారు వేళ్ల మీద దారంతో బొమ్మలు కట్టటం చూశారు. బొటనవేలి వైపున్న పోగు, చిటికెనవేలి వైపున్న పోగు అని ప్రతి పోగుకూ ఒక పేరుపెట్టి, వాటిని వర్ణించే పద్ధతిని 1902లో ప్రకటించారు. ఆ దీవులవారు అంతవరకూ ఆ బొమ్మలను రాత లేకుండానే కట్టుకున్నారు. రాత అవసరమైంది పండితులకు. కాబట్టి ఏ రాతనైనా చూసినప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటి వున్నది: ఇది ఎవరి అవసరం?

ఈ ప్రశ్నను పట్టుకుని మన పాలకొల్లుకు వద్దాం. పాలకొల్లు, నరసాపురం చుట్టుపట్ల గ్రామాలలో లేసు అల్లిక తరతరాలుగా సాగుతున్నది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని, క్రమంగా మతాలనూ కులాలనూ దాటి ఇంటింటికీ చేరింది. అరుగు మీద కూచున్న స్త్రీ చేతిలో ఒక చిన్న కొక్కెపు సూది, ఒడిలో దారపు వుండ. మాట్లాడుతూనే వుంటుంది, చేయి ఆగదు. ఒకరు పువ్వులు అల్లుతారు, అది చేతిపని. మరొకరు ఆ పువ్వులను కలుపుతారు, అది అతుకుపని. నమూనా కాగితం మీద కాదు, ముక్కగా వస్తుంది. ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూసి, గొలుసులు లెక్కపెట్టి, దానివంటిదే మరొకటి అల్లుతుంది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మేరియా మీస్ ఈ ప్రాంతంలో పరిశోధించి 1982లో నరసాపురం లేసు పనివారిని గూర్చి ఒక పుస్తకం ప్రచురించింది. విదేశీ విపణికి సరుకు తయారుచేసే ఈ స్త్రీలను లోకం కార్మికులుగా గాక ఖాళీవేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కించిందనీ, కూలి తక్కువగా వుండటానికి ఆ లెక్కే ఆధారమనీ ఆమె చూపించింది. మన ప్రశ్నకు కీలకం ఇక్కడే వున్నది.

చేతి విద్య రాతకు లొంగదని చెప్పేవారి మాటలో నిజం లేకపోలేదు. తెలిసి చెప్పటం వేరు, తెలిసి చేయటం వేరని గిల్బర్ట్ రైల్ 1949లో వాదించాడు. మనం చెప్పగలిగినదానికంటె ఎక్కువే మనకు తెలుసునని మైకేల్ పొలానీ 1966లో అన్నాడు. లేసు విషయంలోనూ అంతే. గొలుసులెన్నో, ఏ కన్నులో సూది గుచ్చాలో కాగితం చెబుతుంది. దారాన్ని ఎంత బిగువుగా పట్టాలో చెప్పదు. పైగా గుర్తులే ఒకచోట ఒక అర్థం, మరొకచోట మరొక అర్థం. బ్రిటిషు పుస్తకం జంట అల్లిక అన్నదానిని అమెరికా పుస్తకం ఒంటి అల్లిక అంటుంది. తెలియక చేసినవారి పువ్వు కురచగానో పెద్దదిగానో వస్తుంది.

ఇంతవరకూ ఒప్పుకోవచ్చును. కాని ఈ వాదం ఎవరి నోట ఎందుకు వస్తున్నదో కూడా చూడాలి. "ఇది రాస్తే వచ్చేది కాదు, ఆడవాళ్ల వేళ్లలోనే వున్నది" అనే పొగడ్తను విన్నాం. వేళ్లలోనే వున్నదానికి శిక్షణ ఎక్కడిది? శిక్షణ లేనిదానికి నైపుణ్యపు కూలి దేనికి? పొగడ్త అక్కడినుంచి రెండడుగులు వేస్తే కూలి కోత అవుతుంది. రాయని విద్యను లోకం విద్య అనదు, అలవాటు అంటుంది.

అయితే రాసేస్తే సరిపోతుందా? సరిపోదు. 1911లో టేలరు తన శాస్త్రీయ యాజమాన్య సూత్రాలను ప్రకటించాడు. పనివాని చేతిలోని జ్ఞానాన్ని యాజమాన్యం సేకరించి, సూత్రాలుగా రాసి, ఆ రాత ప్రకారమే పనివాని చేత పని చేయించాలన్నది అందులో ముఖ్యమైన సంగతి. ఆలోచన ఒకచోట, చేయి మరొకచోట అయిన ఈ విభజన పనివానిని ఎంత చౌక చేసిందో హారీ బ్రేవర్మన్ 1974లో వివరించాడు. రాత యజమాని సొరుగులో వుంటే, రాయకపోవటం కంటె అది మేలు కాదు.

అందుచేత దాచుకోవటమే రక్ష అని కొందరంటారు. ఇది కూడా నిలవదు. అల్లిన ముక్కే తన రహస్యాన్ని బయటపెడుతుంది. నేర్పరి అయిన ఏ కన్నయినా దాన్ని చదవగలదు. సరుకు ఓడ ఎక్కిన రోజునే నమూనా కూడా ఓడ ఎక్కుతుంది. దాచుకున్నామనుకునే స్త్రీ నిజానికి పోగొట్టుకునేది నమూనాను మాత్రమే కాదు, అది తాను కల్పించినదనే సాక్ష్యాన్ని కూడా.

సంగీతంలో ఈ సంకటం మనవారికి తెలిసినదే. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో ప్రకటించారు. స్వరాలతో ఆగక గమకాలకు కూడా గుర్తులు పెట్టారు. ఆ గుర్తులు చూసి ఎవరూ గాయకులు కాలేదు. కాని ఒక కుటుంబపు గొంతులో మిగిలినది అందరూ పరిశీలించగల, వాదించగల, తప్పు పట్టగల విషయమైంది. రాత గురువుకు బదులు కాదు; గురువు లేని పిల్లకు కిటికీ.

రాతకు ఇంకొక గుణం వున్నది. 1980లలో బంతులు ఎగరేసి పట్టేవారు కొందరు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, ప్రతి విసురుకూ ఒక అంకె వేసే పద్ధతి కనిపెట్టారు. ఆ అంకెలను అటూ ఇటూ మార్చి చూస్తే అంతవరకూ తాము ఎగరేయని వరుసలు బయటపడ్డాయి. అంటే గుర్తు జ్ఞాపకానికే గాక వూహకు కూడా పనిముట్టు. పనిముట్టు ఎవరి చేతిలో వుంటే కల్పన వారిది.

మన స్త్రీలకు గుర్తులు తెలియవనటం అబద్ధం. "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు" అని ఒక్క ముక్కలో వాకిలంత ముగ్గును అప్పజెప్పగల వారు వీరే. నోటుపుస్తకాలలో ఆ చుక్కలు గీసుకుని పుట్టింటి నుంచి అత్తవారింటికి మోసుకుపోయినవారు వీరే. ముగ్గుకు కొనేవాడు లేడు కాబట్టి ఆ పుస్తకం వారి వద్దనే వున్నది. లేసుకు కొనేవాడు వున్నాడు కాబట్టి దాని నమూనా వారిది కాకుండా పోయింది.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. కాని ఆ గుర్తింపు వూరికి. ఏ పువ్వును ఏ చేయి కల్పించిందో అది చెప్పదు. రాయాలా వద్దా అనే తర్కం కంటె, ఎవరు రాయాలి, ఎవరి దగ్గర వుండాలి అన్నదే న్యాయమైన ప్రశ్న. ముగ్గుల పుస్తకం పక్కనే లేసుల పుస్తకం కూడా ఆ ఇంటిలోనే వుండాలి. ప్రతి నమూనా కింద కల్పించినామె పేరు, తేదీ వుండాలి. కొత్త నమూనాకు గడిపిన రోజులకు అల్లిన ముక్కతో సంబంధం లేకుండా కూలి వుండాలి. దారం ఎంత బిగువుగా పట్టాలో కాగితం ఎన్నటికీ చెప్పదు, నిజమే. ఆ చెప్పలేని భాగానికే ఎక్కువ కూలి అడగటానికి, చెప్పగలిగిన భాగం ముందు కాగితం మీద కనిపించాలి.