విధవరాలి చింతచెట్టు, కొంగ గూడు

ధ్యానభాగములు: కీర్తనలు 104:16, 17, ద్వితీయోపదేశకాండము 22:6, 7, 1 రాజులు 5వ అధ్యాయము.



మన సీమలో చెట్టు అనగా ఏమో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు నేల మనది. ఆ వానయైనను వేరుశెనగకు కావలసిన దినమున రాదు. పైరు ఎండినను చింతచెట్టు ఎండదు. దాని వేరు లోతుకు పోవును. పంట పోయిన యేట చింతపండు అమ్మి ఉప్పు పప్పులు కొనుక్కొన్న ఇండ్లు మన సంఘములలో ఎన్నో కలవు. మన హిందూపురము చింతపండు మార్కెట్టు దేశములోనే పేరుగలది. చెట్టు ముదిరిన తరువాత దాని మొద్దు బండికిని, గానుగకును, రోకలికిని పనికివచ్చును. ఇటుకబట్టీలో దాని మంట గట్టిది. కావున కలప వ్యాపారి లారీ మన ఊరి పొలిమేరకు వచ్చినప్పుడు మొదట చూచునది చింతచెట్టునే.

ఆ చెట్టునే చూచువారు మరియొకరు కలరు. వారు కొంగలు.

గడచిన యేడు వానకాలములో మా సంఘమునకు చెందిన ఒక విధవరాలు సాయంకాల ప్రార్థన తరువాత మా యొద్దకు వచ్చినది. ఆమె ఇంటి వెనుక ఒక పెద్ద చింతచెట్టు కలదు. రెండేండ్లుగా ఆమె వేరుశెనగ చేతికి రాలేదు. వ్యాపారి వచ్చి చెట్టుకు వెల చెప్పి, అడ్వాన్సు ఆమె చేతిలో పెట్టి పోయినాడు. అయితే ఆ చెట్టుమీద తెల్లకొంగలు గూళ్లు కట్టియున్నవి, గూళ్లలో పిల్లలున్నవి. "ఏమి చేయమంటారు అయ్యగారూ?" అని ఆమె అడిగినది.

మేము వెంటనే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము తెరచితిమి. త్రోవలో చెట్టుమీదనైనను నేలమీదనైనను గూడు కనబడినయెడల తల్లిని పిల్లలతోకూడ పట్టుకొనకూడదని దేవుడు చెప్పిన ఆజ్ఞను చదివి, చక్కగా వివరించితిమి. సెమినరీలో నేర్చుకొన్నదంతయు చెప్పితిమి. ఆమె తల వంచుకొని విన్నది. కడకు ఇట్లనినది: "వాటి పిల్లలకు గూడుండాలంటిరి, సరే అయ్యగారూ. నా బిడ్డ నర్సు చదువుకు ఫీజు ఎవరు కడతారు?"

మా నోట మాట రాలేదు. మేము వాక్యమును సరిగానే చెప్పితిమి. కాని ఆ వాక్యభారమంతయు ఆమె తలమీదనే పెట్టి, మా వ్రేలితోనైనను దానిని ముట్టలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మరల లేఖనములను తెరచి, ఈసారి ఆమెకు బోధించుటకు గాక మేము నేర్చుకొనుటకు చదివితిమి. అప్పుడు కనబడిన సంగతులను మీ ముందు పెట్టుచున్నాము.

మొదటిది. చెట్టు నరుకుట పాపమని లేఖనము చెప్పలేదు. 1 రాజులు 5వ అధ్యాయమును చూడుడి. దేవుని మందిరము కట్టుటకు సొలొమోను తూరు రాజైన హీరామునకు కబురు పంపి, లెబానోను నుండి దేవదారు మ్రానులను సరళపు మ్రానులను తెప్పించెను. ముప్పదివేలమంది మనుష్యులు వంతులవారిగా, నెలకు పదివేలమంది చొప్పున, ఆ పనికి పోయిరి. మందిరపు దూలములు ఒకప్పుడు అడవిలో నిలిచిన చెట్లే. మన చర్చి పైకప్పు వాసములును అట్టివే. విధవరాలు తన చెట్టును అమ్మదలచినంత మాత్రమున ఆమెను దోషిగా చూచు హక్కు మనకు లేదు.

రెండవది. ఆ లెబానోనును గూర్చియే 104వ కీర్తన మాటలాడుచున్నది. ఆ చెట్లను నాటినవాడు యెహోవాయే అనియు, పక్షులు అందు గూళ్లు కట్టుననియు, సరళవృక్షములు కొంగకు ఇల్లు అనియు కీర్తనకారుడు చెప్పుచున్నాడు. హీరాము పంపిన సరళపు మ్రానుకును, కొంగ ఇల్లయిన సరళవృక్షమునకును హెబ్రీ మూలములో ఒకటే మాట. ఒకే జాతి చెట్టు మందిరమునకు దూలమైనది, కొంగకు ఇల్లయినది. రెండును దేవుని ఏర్పాటులోనివే. ఒకటి ఉన్నది గనుక రెండవది లేకపోవలెనని ఆయన చెప్పలేదు.

ఇంకొక సంగతి. హెబ్రీ భాషలో ఈ కొంగ పేరు హసీదా. అది హెసెద్ అను మాటకు సంబంధించినది. దయ, విడువని ప్రేమ అని దాని అర్థము. వేసవి మధ్యాహ్నమున ఎర్రకాళ్ల కొంగను చూచినవారికి ఆ పేరు ఎందుకు వచ్చెనో తెలియును. ఎండ నిప్పులు చెరుగుచుండగా తల్లి రెక్కలు చాచి గూటి అంచున నిలిచి, తాను కాలుచు పిల్లలకు నీడ పట్టును.

ఆ దృశ్యము చూడవలెననిన మనము దూరము పోనక్కరలేదు. హిందూపురము దాపున, చిలమత్తూరు మండలములో వీరాపురమను ఊరున్నది. 2022 ఏప్రిల్ వరకు అది మన అనంతపురము జిల్లాలోనిది; ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. చలికాలము ముగియు దినములలో ఎర్రకాళ్ల కొంగలు అచ్చటికి వచ్చి, ఊరి నడుమ, ఇండ్ల చూరులకు దగ్గరనే, చింతచెట్లమీద గూళ్లు కట్టును. ఒక్కొక్క చెట్టుమీద అనేక గూళ్లుండును. చుట్టునున్న చెరువుల చేపలు తెచ్చి పిల్లలను పెంచుకొని, వానలు పడిన తరువాత ఎగిరిపోవును. యిర్మీయా 8:7 చెప్పినట్లు ఆకాశమందలి కొంగ తన కాలమును ఎరుగును.

అయితే కొంగ పిల్లలను పెంచు ఆ కాలమే చింతపండు దులుపు కాలము. గూళ్లున్న కొమ్మలను గడలతో కొట్టరాదు. ఆ కొమ్మల కాయ యజమానికి నష్టమే. రెట్టల వాసన, పిల్లల గోల వేరుగా భరింపవలెను. అయినను ఆ ఊరివారు వేటగాండ్రను రానీయక ఆ పక్షులను కాపాడుకొనుచు వచ్చిరి. కొంగలు వచ్చిన యేడు ఊరికి మేలని వారి నమ్మిక. మనము పక్షులను శకునముగా చూడము. అయినను నష్టము సహించి వారు చూపిన దయను చూచి, సృష్టికర్తను ఎరిగియున్నామని చెప్పుకొను మనము సిగ్గుపడవలసియున్నది.

కర్ణాటకములో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరులోను ఇట్టి కొంగలే, వాటితోకూడ గూడబాతులును, ఊరి చెట్లమీద గూళ్లు కట్టును. అచ్చటి అటవీశాఖవారు, గూళ్లున్న చెట్ల యజమానులకు ఫలనష్టమునకు బదులు కొంత పైకము ఇచ్చు ఏర్పాటు చేసిరి. ఇది మంచి ఆలోచన. పక్షి అందరిదైనప్పుడు దాని ఖర్చు ఒక్క ఇంటిమీద పడుట న్యాయము కాదు గదా.

ఈ చిక్కు మన సీమకే వచ్చినది కాదు. అమెరికా దేశపు పడమటి తీరమున మార్బుల్డ్ మర్రెలెట్ అను చిన్న సముద్రపక్షి కలదు. అది సముద్రములో చేపలు పట్టి బ్రదుకును గాని, గుడ్డు పెట్టుటకు మైళ్లకొలది లోపలి అడవికి పోయి, వందల యేండ్ల మహావృక్షపు వెడల్పైన కొమ్మమీద, నాచు పరుపుపై ఒకే గుడ్డు పెట్టును. దాని గూడు ఎచ్చటనున్నదో పండితులకు చాలకాలము తెలియలేదు; 1974లో కాలిఫోర్నియాలో చెట్టెక్కిన ఒక పనివానికి ఆ దేశపు మొదటి గూడు కనబడినది. అప్పటికే అట్టి ముదుసలి చెట్లలో ఎక్కువభాగము కలప మిల్లులకు పోయినవి. 1992లో అక్కడి ప్రభుత్వమువారు ఆ పక్షిని ఆపదలోనున్న ప్రాణుల పట్టికలో చేర్చిరి. 1994లో, ఈ పక్షి కొరకును అడవి గుడ్లగూబ కొరకును ఇతర ప్రాణుల కొరకును, ప్రభుత్వపు అడవులలో నరుకుటకు హద్దులు పెట్టిరి. కలపమీద బ్రదికిన ఊళ్లలో అనేకులకు పని పోయినది. దానికి వేరే కారణములును కలవు. పక్షిపక్షమువారును కూలిపక్షమువారును ఒకరినొకరు శత్రువులుగా చూచుకొనిరి. వందల యేండ్ల చెట్టును ఒక దినములో నరుకవచ్చును, ఒక తరములో పెంచలేము. కూలివాని చేతి పనిని ఒక కాగితముతో ఆపవచ్చును, అతని పొయ్యి అంత సులువుగా మండింపలేము. ముందుగా కూర్చుండి ఖర్చు పంచుకొననందున వచ్చిన నొప్పి అది.

మూడవది, ప్రియులారా, ఇదే ముఖ్యము. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము గూటిని ముట్టవద్దని చెప్పలేదు. తల్లిని విడిచిపెట్టుము అని చెప్పినది. 20వ అధ్యాయము 19, 20 వచనములలో, ముట్టడివేళనైనను ఫలమిచ్చు చెట్టును నరుకవద్దనియు, ఫలమియ్యని దానిని నరుకవచ్చుననియు చెప్పినది. 24వ అధ్యాయములో ఒలీవ పండ్లు దులిపినప్పుడు, కొమ్మలలో మిగిలినది విధవరాలికిని తండ్రిలేనివారికిని పరదేశికిని విడువవలెనని చెప్పినది. వీటన్నిటిలో ఒకటే పాఠము: తీసికొనుము, కాని అంతయు తీసికొనవద్దు, రేపటికిని పొరుగువానికిని మిగుల్చుము. గూటి తల్లిని కాపాడిన ధర్మశాస్త్రమే విధవరాలినిని కాపాడినది. మొదటిదానిని ఆమెకు చదివి వినిపించి, రెండవదానిని మూసిపెట్టిన బోధకులము మేము.

తరువాతి ఆదివారము ఆరాధన అయిన పిమ్మట సంఘపెద్దలను కూర్చుండబెట్టి మా తప్పును ఒప్పుకొంటిమి. ఆ చెట్టు నీడలో మన పిల్లలందరు ఆడుకొందురు, స్త్రీలు అచ్చట చెనక్కాయలు వొలుచుకొందురు, కొంగలను చూచి అందరము సంతోషింతుము. నీడ అందరిది, నష్టము మాత్రము ఒక్కరిదా? అని అడిగితిమి. ఒక పెద్ద లేచి, "సంఘపు సొమ్ము సువార్తకు గాని కొంగలకు కాదు" అనెను. ఆయన మాట త్రోసివేయదగినది కాదు. సొమ్ము కొంచెమే, అవసరములు అనేకము. అప్పుడు ఒక ముసలి తల్లి లేచి, "కొంగలకు కాదయ్యా, మన ఆడబిడ్డకు" అనెను. ఆ మాటతో నిర్ణయము జరిగినది.

స్త్రీల సమాజమువారు వంట వేళ తీసిపెట్టిన పిడికెడు బియ్యపు సొమ్ములోనుండి సగము ఫీజు కట్టబడినది. మిగిలినది కొందరు ఇండ్లవారు చేబదులుగా ఇచ్చిరి; చింతపండు అమ్మినప్పుడు ఆమె తీర్చవలెను. వ్యాపారి అడ్వాన్సు వ్యాపారికి చేరినది. పిల్లలు ఎగిరిపోయిన తరువాత, చెట్టు కాండమును ముట్టక, ఎండిన కొమ్మలు కొట్టి వంటచెరకుగా అమ్మిరి. ఈ వేసవిలో ఆమె కాయ దులిపి, ఆ అప్పులో కొంత తీర్చినది. వ్యాపారి ఇయ్యజూపినంత సొమ్ము ఒక్కసారిగా రాలేదు, నిజమే. కాని చెట్టు నిలిచియున్నది. వచ్చు యేడును అది కాయును. చర్చి ఆవరణములో పది చింతమొక్కలు నాటితిమి. ఎండకు ఆరు చచ్చినవి, నాలుగు మిగిలినవి. సండేస్కూలు పిల్లలు వంతులవారిగా నీళ్లు పోయుచున్నారు. కొందరింకను సణుగుచున్నారు. వారికొరకును ప్రార్థించుచున్నాము.

కావున ప్రియులారా, మీ ఊళ్లలో చెట్టు అమ్మకమునకు వచ్చినప్పుడు ఈ సంగతులు తలంచుకొనుడి. గూళ్లలో పిల్లలున్నంతకాలము గొడ్డలి ఆపుడి. కొన్ని వారముల ఆలస్యముతో ఎవరును చెడిపోరు. 1972 నాటి వన్యప్రాణి చట్టము గుడ్లను పిల్లలను పాడుచేయకుండ కాపాడుచున్నది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి లేక చెట్టు నరుకరాదు. వ్యాపారి తొందరపెట్టినను అధికారులను అడిగి తెలిసికొనుడి. నరుకక తప్పనియెడల ముందు మొక్కలు నాటి బ్రదికించుడి. చెరువు పూడికయు తలంపునకు తెచ్చుకొనుడి. చెరువు ఎండిన యేట చెట్టున్నను కొంగ పిల్లలకు చేప దొరకదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఎవనినైనను నీ చెట్టు నరుకవద్దు అని చెప్పుటకు ముందు మీ సంచిలో చేయిపెట్టుడి. ఒకరి భారములను ఒకరు భరించుట క్రీస్తు నియమమని గలతీయులకు వ్రాసిన పత్రిక 6:2లో పౌలు చెప్పుచున్నాడు గదా.

మన ప్రభువు కాసుకు రెండు అమ్ముడుపోవు పిచ్చుకలను గూర్చి మాటలాడెను; వాటిలో ఒకటియైనను తండ్రికి తెలియక నేల పడదనెను. ఆ మాట పిచ్చుకకును ఆదరణ, పేదరాలికిని ఆదరణ. తండ్రి యింటిలో ఒకరికి చోటిచ్చుటకు మరియొకరిని వెళ్లగొట్టరు. తన రెక్కలక్రింద యెరూషలేము పిల్లలను చేర్చుకొనగోరినవాడు, ఎండలో కాలుచు మనకు నీడ పట్టినవాడు, సిలువ మ్రానుమీద మన నష్టమంతయు తానే భరించెను. ఆయనను ప్రభువని పిలుచు మనము ఒక విధవరాలి నష్టములో పాలుపంచుకొనలేమా?

ప్రార్థన: చెట్లను నాటిన తండ్రీ, మా కరవు సీమను జ్ఞాపకము చేసికొనుము. మా చేతి గొడ్డలికి హద్దును, మా హృదయమునకు దయను దయచేయుము. నీ వాక్యమును ఇతరులమీద మోపక మేమే మోయు కృపనిమ్ము. కొంగకు గూటిని, పేదకు రొట్టెను ఇచ్చువాడవు నీవే. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.