విరిగిన బోల్టు: ఒక సంయోగ విచారం

యంత్రభాగాలను కలిపి ఉంచే ఉపాయాలలో బోల్టుకు ఉన్న ప్రత్యేకత, అది కలపడానికి ఎంతగా ఉద్దేశించినదో విడదీయడానికీ అంతే ఉద్దేశించినది కావడం. వెల్డింగుతో అతికిన రెండు ముక్కలు మళ్లీ రెండు కావాలంటే దేన్నో ఒకదాన్ని కోయక తప్పదు. బోల్టుతో బిగించినవి మాత్రం పానా ఎడమకు తిరిగితే చాలు, దేనికది విడివడుతుంది. తుప్పు ఈ స్వభావాన్ని హరించి, తల తెగిన బోల్టు మొండెం ఇంజను లోపలే నిలిచిపోయినప్పుడు, మెకానిక్ ముందుగా తేల్చుకోవలసింది ఆ రెండు లోహాల మధ్య ఇప్పుడున్న సంబంధం ఎటువంటిదన్నది.

మొయినాబాదు, చేవెళ్లల మధ్య కనకమామిడి చుట్టుపక్కల, హైదరాబాదు మార్కెట్లకు కూరగాయలనూ పూలనూ మోసే ట్రాలీ ఆటోలూ, ట్రాక్టర్లూ, ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారిన పాత కార్లూ తిరిగే ప్రాంతంలో, ఈ సమస్య తరచుగా నీటి రూపంలో మొదలవుతుంది. విశాఖ వంటి తీరప్రాంతంలో ఇనుమును తినేది ఉప్పుగాలి అయితే, సముద్రానికి ఇంత దూరంలో ఆ పని చేసేది చాలాసార్లు రేడియేటరులో కూలెంటుకు బదులు పోసే బోరునీరు. నల్లరాతి పొరల్లోంచి వచ్చే ఆ నీటిలో లవణాలు ఎక్కువ, తుప్పును అడ్డుకునే రసాయనాలు బొత్తిగా లేవు. ఇంజను వేడిని బట్టి నీటి దారిని తెరిచి మూసే కవాటాన్ని థర్మోస్టాట్ అంటారు. దాని గూడును బిగించే బోల్టుల దగ్గర ఆ నీరు చెమ్మగా ఊరి, ఏళ్ల తరబడి బోల్టు మరల (త్రెడ్ల) మధ్యకు చేరుతుంది. అక్కడ ఉక్కు బోల్టు, ఇంజను పైభాగమైన అల్యూమినియం హెడ్డు, ఉప్పునీరు అనే మూడూ కలిసి చిన్న విద్యుత్ ఘటంగా ఏర్పడతాయి. ఆ ఘటంలో ముందుగా కరిగేది అల్యూమినియమే; అది తెల్లని పొడిగా మారి సందులను పూడుస్తుంది, నీటికి తెరుచుకున్న చోట ఉక్కు ఎర్రగా జంగు పడుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కనుక, మిల్లీమీటరులో కొద్ది వందో వంతుల సందు ఉండవలసిన మర అన్ని వైపుల నుంచీ ఒత్తుకుపోతుంది. తెలంగాణ ఎర్ర చెల్కలకు ఆ రంగునిచ్చేదీ ఇనుప ఆక్సైడే. లోహంగా ఉండటం ఇనుముకు కొలిమిలో బలవంతంగా అబ్బిన స్థితి. గాలీ నీరూ దొరికిన చోటల్లా అది తిరిగి మట్టి వైపే మొగ్గుతుంది.

బిగుతుగా ఉన్న బోల్టు లోపల ఏం జరుగుతుందో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. బోల్టు పట్టు దాని సాగుదలలో ఉంది: బిగించినప్పుడు ఉక్కు అతి స్వల్పంగా సాగి, తిరిగి కుదించుకోవాలని లాగుతూ, ఆ లాగుడుతో రెండు భాగాలను నొక్కిపెడుతుంది. పానా మీద పెట్టే శ్రమలో ఈ సాగుదలకు పోయేది సుమారు పదో వంతు మాత్రమే. మిగిలినదంతా తల కిందా మరలలోనూ ఘర్షణను గెలవడానికి ఖర్చవుతుంది. సాగదీసినది పూర్వస్థితికి రావడానికి కారణమైన గుణాన్ని మన తార్కికులు స్థితిస్థాపకం అన్నారు. తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం దీన్ని సంస్కారమనే గుణంలోని మూడు భేదాలలో ఒకటిగా లెక్కించింది. తక్కిన రెండు వేగమూ, జ్ఞాపకానికి కారణమైన భావనా. చుట్టిన చాప వంటి వస్తువు పాత ఆకృతికి రావడాన్నీ, మనసు పాత అనుభవానికి మళ్లడాన్నీ ఒకే జాతి కింద చేర్చిన ఆ వర్గీకరణ మొదట వింతగా తోచవచ్చు గానీ, బిగించిన బోల్టు విషయంలో అది ఎంతో సమంజసం: తన అసలు పొడవును మరచిన బోల్టు, అంటే హద్దు దాటి సాగిన బోల్టు, ఇక దేన్నీ పట్టి ఉంచలేదు.

అదే గ్రంథం సంయోగాన్నీ సమవాయాన్నీ వేరుచేస్తుంది. విడివిడిగా ఉండగల రెండు ద్రవ్యాలు కలిసినప్పుడు పుట్టే గుణం సంయోగం. దాన్ని నశింపజేసే గుణం విభాగం. ఒకటి మరొకదాన్ని ఆశ్రయించి తప్ప నిలవలేని నిత్యసంబంధం సమవాయం; దారాలకూ బట్టకూ, పండుకూ దాని రంగుకూ ఉన్నది అదే. తుప్పు పట్టిన బోల్టు చేసే మాయ ఏమిటంటే, సంయోగమే అయి ఉండి సమవాయంగా కనిపించడం. పట్టు ఎంత గట్టిదన్నది సంబంధపు జాతిని మార్చదు. బిగుతు వేరు, ఏకత్వం వేరు. చేతికి అందిన పానాకు పైపు తొడిగి లాగేవాడు మరచేది ఈ భేదాన్నే. 8 మిల్లీమీటర్ల మామూలు బోల్టును బిగించడానికి 25 న్యూటన్ మీటర్ల దరిదాపు మెలి (టార్క్) చాలు. అర మీటరు పైపు చివర 20 కిలోల బరువుతో లాగితే వచ్చే మెలి దానికి నాలుగింతలు. అంత మెలికి మరలో పట్టు సడలేలోగా బోల్టు మెడ తెగుతుంది, ఎందుకంటే ఆ క్షణంలో బోల్టుకు తన శరీరంతో ఉన్న ఐక్యం కంటే తుప్పుతో ఉన్న సంయోగమే బలమైనదిగా తేలుతుంది.

కనుక తెగిన బోల్టును తీసే విద్యలోని మెలకువలన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి: ఒకటైపోయినట్టున్న రెండింటి మధ్య ముందు ఏదో ఒక తేడా పుట్టించాలి. వేడి అలాంటి తేడా. ప్రతి డిగ్రీకీ అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. హెడ్డును 150 డిగ్రీల మేర వేడెక్కిస్తే 8 మిల్లీమీటర్ల రంధ్రానికీ బోల్టుకూ మధ్య మిల్లీమీటరులో సుమారు 13 వెయ్యో వంతుల ఎడం పుడుతుంది. అది తల వెంట్రుక మందంలో ఐదో వంతైనా, తుప్పు పొర చిట్లడానికీ, ఆ వేడి మీద తాకించిన కొవ్వొత్తి మైనం కరిగి లోపలికి పాకడానికీ సరిపోవచ్చు. దుకాణాల్లో చిటికెలో పట్టు వదిలించే మందుగా పేరుపడిన డబ్ల్యూడీ-40 నిజానికి 1953లో అమెరికాలో లోహం మీది తేమను తరిమి తుప్పును ఆపడానికి తయారైనది. అది లోపలికి ఇంకడానికి ఒక రాత్రి గడువు ఇవ్వనివాడు దాని గుణాన్ని వాడుకున్నట్టు కాదు. సుత్తితో నిలువుగా కొట్టే చిన్న దెబ్బలు కూడా తేడా పుట్టించేవే. ఎడమకు తిరిగే శంకు ఆకారపు ఉలిని, అంటే ఎక్స్‌ట్రాక్టరును, బోల్టులో రంధ్రం చేసి దించడం అందరికీ తెలిసిన మార్గమే గానీ, దానిపై ఇంత నమ్మకం ఎందుకో బోధపడదు: అది దిగినకొద్దీ బోల్టును లోపలి నుంచి వెడల్పు చేసి గోడకు మరింత ఒత్తుతుంది, గట్టిపరచిన ఉక్కు కనుక లోపలే విరిగితే మామూలు డ్రిల్లుకు లొంగదు. పైగా అల్యూమినియం బోల్టు కంటే మెత్తన కావడం వల్ల, నడిమధ్య గుర్తు తప్పిన డ్రిల్లు గట్టిదాన్ని వదిలి మెత్తని గోడలోకి జారుతుంది. పది రూపాయల బోల్టు కోసం వేల రూపాయల హెడ్డు బలవుతుంది.

అన్నిటిలో విచారించదగినది నట్టు అతికే పద్ధతి. మొండెం మీద ఒక నట్టును నిలిపి, దాని నడుమ నుంచి వెల్డింగు చేస్తే, కరిగిన ఉక్కు ఆ రెంటినీ కలిపేస్తుంది. ఆ ఉక్కు అల్యూమినియంతో కలవదు కనుక గోడకు అంటుకోదు. అంటే పైకి ఏకత్వంగా కనిపించే ఒక సంయోగాన్ని విప్పడానికి మెకానిక్ నిజమైన ఏకత్వాన్ని సృష్టిస్తున్నాడు. నట్టూ మొండెమూ ఇప్పుడు రెండు కావు, వాటిని అవయవాలుగా చేసుకున్న కొత్త అవయవి. దానికి పట్టుకోను తల దొరికింది; ఎర్రగా కాలి చల్లారుతూ కుదించుకున్నందున మరలలోని తుప్పూ చిట్లింది. విడదీయడమంటే ఎల్లప్పుడూ బంధాలను తగ్గించడమేనన్న అభిప్రాయం ఇక్కడ నిలవదు.

అయితే ఈ తర్కాన్ని ప్రతిచోటికీ ఈడ్చకూడదు. ఇదే చేవెళ్ల దారికి ఇరువైపులా ఉన్న మర్రిచెట్లను రోడ్డు వెడల్పు కోసం వేళ్లతో లేపి మరోచోట నాటవచ్చా అన్న వాదం ఏళ్లుగా నడిచింది. చెట్టుకూ నేలకూ ఉన్నది కేవలం సంయోగమని తార్కికుడు చెప్పవచ్చు. కానీ బోల్టు విప్పడానికే పుట్టినది, మర్రి అలా పుట్టలేదు.

బోల్టు బయటికి వచ్చాక రంధ్రంలోని మరలు చెడి ఉంటే, వాటిని పెద్దగా తొలిచి, ట్యాపు అనే పనిముట్టుతో కొత్త మర కోసి, తీగచుట్టలాంటి ఉక్కు తొడుగును దించుతారు. అప్పటి నుంచి కొత్త బోల్టు తాకేది హెడ్డును కాదు, ఆ తొడుగును. మరలకు రాగిపొడి కలిసిన గ్రీజు పూస్తే మరుసటిసారి బోల్టు సులువుగా వస్తుంది. కానీ గ్రీజు ఘర్షణను తగ్గించడం వల్ల, పొడి మరకు చెప్పిన మెలినే ఇక్కడా వాడితే సాగుదలకు పోయే వాటా పెరిగి, కొత్త బోల్టు హద్దు దాటి సాగే ప్రమాదం ఉంది. అందుచేత రేపు విప్పడం తేలిక చేసుకున్నవాడు ఈరోజు బిగించే కొలతనూ తగ్గించుకోవలసి వస్తుంది.