తుప్పు తలరాత కాదు



సముద్రం పక్కన కాపురం ఉండేవాళ్లకి తుప్పు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఏ ఇంటికి వెళ్లినా కిటికీ ఊచలు, గేట్లు ఎర్రగా పొట్టు లేచి కనిపిస్తాయి. ఉప్పుగాలి తినేస్తోంది అంటారు మన పెద్దవాళ్లు. కానీ ఉప్పు ఒక్కటే ఆ పని చెయ్యదు. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే ఈ తుప్పు పుడుతుంది. నీటిలో ఉప్పు ఉంటే త్వరగా పెరుగుతుంది. అందుకే ఎప్పుడూ నీటి అడుగున ఉండే స్తంభం కంటే, అల వచ్చి తడిపి వెళ్లిపోయే చోట స్తంభం ముందు పాడవుతుంది. అక్కడ తడీ ఉంది, గాలీ ఉంది. కారణాలు కూడితే ఫలితం పుడుతుంది, కారణాలు తొలగిస్తే ఆగుతుంది. బుద్ధుడు ప్రతీత్య సముత్పాదం అని చెప్పింది ఈ సంగతే.

ఇప్పుడు మామిడికుదురు మండలంలోని నగరం గ్రామాన్ని గుర్తు తెచ్చుకోండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ భూమిలో ఉన్న గెయిల్ గ్యాస్ గొట్టం పగిలి మంట లేచింది. 18 అంగుళాల ఉక్కు గొట్టం. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఆ గొట్టాన్ని తిన్నది సముద్రం కాదు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపారని, లోపలి తుప్పుకి అదే దారి తీసిందని విచారణలో తేలింది. గ్యాస్‌లో నీరు ఉంటే, అందులోని కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగి ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లం ఉక్కుని లోపల్నుంచి కొరుకుతుంది. పైన మట్టి, మట్టి మీద గడ్డి, పక్కన ఇళ్లు. చూసేవాడికి ఏమీ కనపడదు.

ఇలాంటి చావు వచ్చినప్పుడు మన ఊళ్లలో ముందు వినపడే మాట ఏమిటి? "వాళ్ల ఖర్మ అలా రాసిపెట్టి ఉంది." అన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఓదార్చడానికే అంటారు. కానీ ఆ మాట ఏం చేస్తుందో ఆలోచించండి. గొట్టంలోకి నీరు ఎందుకు వెళ్లింది, ఎవరు చూడాలి, ఎవరు చూడలేదు అనే ప్రశ్నలన్నీ ఆ ఒక్క మాటతో మూతపడతాయి. అంబేడ్కర్ గత జన్మ కర్మని ఎందుకు ఒప్పుకోలేదు? పేదవాడి స్థితికి సమాజం, ప్రభుత్వం జవాబు చెప్పకుండా తప్పించుకోడానికి తప్ప ఆ సిద్ధాంతం మరి దేనికీ పనికిరాదని ఆయనకి తెలుసు కాబట్టి. 1957లో వెలువడిన "బుద్ధుడు, ఆయన ధమ్మం"లో ఈ సంగతి దాపరికం లేకుండా రాశారు.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావాలి. ధమ్మపదం మలవగ్గంలో తుప్పు పోలిక ఉంది కదా. ఇనుములోంచి పుట్టిన తుప్పు ఇనుమునే తిన్నట్టు, చేసినవాడిని వాడి పనులే పాడుచేస్తాయని కదా అక్కడి భావం. మరి నగరంలో కాలిపోయినవాళ్లు ఏం చేశారు?

ఏమీ చెయ్యలేదు. ఆ పోలిక తప్పు చేసినవాడి గురించి, బాధపడినవాడి గురించి కాదు. దాన్ని తిరగేసి, బాధపడుతున్నాడు కాబట్టి ఏదో తప్పు చేసే ఉంటాడు అనుకుంటే మళ్లీ పాత బ్రాహ్మణ కర్మ దగ్గరికే చేరతాం. ఒకడి అజాగ్రత్త వాడిని చెడగొట్టడంతో ఆగదు, పక్కన నిద్రపోతున్నవాళ్లని కూడా కాలుస్తుంది. అందుకే ధమ్మంలో అప్రమాదానికి, అంటే ఏమరుపాటు లేకపోవడానికి అంత విలువ.

అన్నీ కారణాల వల్లే జరిగితే ఇక ఎవరిదీ తప్పు కాదా అని ఇంకొకరు అడగొచ్చు. ఇనుముకి తన తుప్పు తనకి తెలీదు. మనిషికి తెలుస్తుంది. తెలియకపోతే అడిగి తెలుసుకోగలడు. ఆ తెలివి ఉన్న దగ్గర్నుంచే బాధ్యత మొదలవుతుంది. తెలిసీ చూడనట్టు ఊరుకున్నవాడు, అతుకేసి పోయినవాడు, కారణాల వెనక దాక్కోలేడు. ఆ కారణాల్లో వాడూ ఒకడు.

ఇంకో మంట కూడా మనం చూశాం. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ 2022 మే 24న అమలాపురంలో ఇళ్లకి, బస్సులకి నిప్పు పెట్టారు. "ఇంత చల్లటి కోనసీమలో ఇదేమిటి?" అని చాలామంది ఆశ్చర్యపోయారు. 1912లో మునిగిన టైటానిక్ ఓడ అట్లాంటిక్‌లో దాదాపు 3,800 మీటర్ల లోతున, గడ్డకట్టే చలికి దగ్గరగా ఉన్న నీటిలో పడి ఉంది. 1985లో కనుక్కునేసరికి దాని ఉక్కు మీద తుప్పు ఊడల్లా వేలాడుతోంది. చలికి తుప్పు నెమ్మదిస్తుంది గానీ ఆగదు. ఊరు చల్లగా ఉందంటే కులం లేదని కాదు. అది లోపల తన పని తాను చేసుకుంటోందని అర్థం.

ఇంతవరకు ఎదుటివాళ్ల తుప్పు గురించి మాట్లాడుకున్నాం. అది సులువు. ఇప్పుడు మన సంగతి చూద్దాం.

దీక్ష తీసుకున్నాం. 22 ప్రతిజ్ఞలు గట్టిగా చదివాం. గోడకి బుద్ధుడి ఫోటో, పక్కన బాబాసాహెబ్ ఫోటో పెట్టుకున్నాం. పెళ్లి సంబంధం మాట వచ్చేసరికి మాత్రం "వాళ్లేమిట్లు?" అని గొంతు తగ్గించి అడుగుతున్నాం. మాలపేట, మాదిగపేట మధ్య గీత అలాగే ఉంది. మీటింగులో సమానత్వం గురించి రెండు గంటలు మాట్లాడి, ఇంటికొచ్చి కంచం కూడా తియ్యకుండా లేచిపోయే మగవాళ్లలో నేనూ ఒకణ్ని.

మా ఇంటి కిటికీ ఊచలకి ఒక ఏడాది తొందరలో గీకకుండానే రంగు వేశాం. పండక్కి కొత్తగా మెరిశాయి. వానాకాలం వెళ్లేసరికి రంగు బుడగల్లా ఉబ్బింది. గోరుతో తీస్తే కింద ఊచ సగం లేదు. తుప్పు మీద వేసిన రంగు దాన్ని ఆపలేదు సరికదా, కనపడకుండా దాచింది. గీకకుండా తీసుకున్న దీక్ష కూడా అంతే.

గీకడం కష్టం, చేతులు పాడవుతాయి. అయినా వేరే దారి లేదు. ఒక్కసారి చేస్తే సరిపోదు కూడా. రాజమండ్రిలో 1900లో మొదలైన హేవలాక్ వంతెన 1997 దాకా రైళ్లని మోసింది. ఉక్కు వంతెన ఏదైనా అన్నేళ్లు నిలవాలంటే పట్టించుకునే మనుషులు ఉండాలి, తుప్పు గీకుతూ రంగు వేస్తూ ఉండాలి. శీలం పాటించడమూ అలాంటి పనే.

నగరం ఉన్న మండలంలోనే ఆదుర్రు ఉంది. అక్కడ మన పూర్వ బౌద్ధుల స్తూపం ఇటుకలు ఇంకా ఉన్నాయి. కట్టినవాళ్ల ధమ్మం మాత్రం ఆ ఊళ్లలో ఎన్నో వందల ఏళ్లు లేకుండా పోయింది. కట్టడం నిలిచినంత మాత్రాన ధమ్మం నిలవదు.

ఈసారి విహారానికి వచ్చేముందు ఒక్క పని చెయ్యండి. ఇంట్లో అందరూ కూర్చుని, మన ఇంట్లో ఇంకా ఎక్కడ తుప్పు ఉందో ఒకరికొకరు చెప్పుకోండి. ఆడవాళ్లని, పిల్లల్ని ముందు మాట్లాడనివ్వండి. మనకి కనపడనిది వాళ్లకి కనపడుతుంది.

జై భీమ్. నమో బుద్ధాయ.