‘లేదు’ వేరు, ‘దొరకలేదు’ వేరు

వంటింట్లోంచి ఆవాల డబ్బా తెమ్మని మగవాళ్ళని పంపితే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అలమార తలుపు తీసి, ఎదురుగా కనిపించిన నాలుగు డబ్బాలూ చూసి, "ఆవాలు లేవే!" అని అక్కణ్ణించే కేకేస్తారు. మనం వెళ్ళి పంచదార డబ్బా కాస్త పక్కకి జరిపితే, వెనకాలే ఉంటాయి. నవ్వుకుని పోపు పెట్టుకుంటాం. ‘లేదు’కీ ‘దొరకలేదు’కీ ఉన్న తేడా పోపుతో సరిపోతే ఎవరికీ నష్టం లేదు. అదే తేడా మనిషి ప్రాణం దాకా వస్తే ఎలా ఉంటుందో నాకు నా ఉద్యోగం నేర్పింది.

నేనొక వైద్య కళాశాల గ్రంథాలయంలో ముప్ఫయ్యేళ్ళు పనిచేశాను. చేరిన కొత్తల్లో అక్కడ ‘ఇండెక్స్ మెడికస్’ అని తలగడల్లాంటి సంపుటాలు వరసగా ఉండేవి. ప్రపంచంలోని వైద్య పత్రికల్లో ఏ జబ్బు గురించి ఎవరు ఎక్కడ రాశారో చెప్పే సూచిక అది. 1879లో అమెరికాలో జాన్ షా బిల్లింగ్స్ అనే సైనిక వైద్యుడు మొదలుపెట్టాడు. అంతర్యుద్ధంలో గాయపడ్డ సిపాయిలకి కోతలూ కుట్లూ చేసిన మనిషి, తర్వాత పుస్తకాల మధ్య కూచుని, మర్నాటి ఏడాది, అంటే 1880లో, తన గ్రంథాలయంలో ఉన్న వైద్య గ్రంథాలకీ వ్యాసాలకీ కలిపి ఇంకో మహా కేటలాగు అచ్చువెయ్యడం ప్రారంభించాడు. ఆ పనిలో ఉన్న విసుగు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. యుద్ధాలు చేసినవాళ్ళకి విగ్రహాలు పెడతారు గానీ జాబితాలు రాసినవాళ్ళని ఎవరు తలుచుకుంటారు చెప్పండి!

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. 1971లో ‘మెడ్‌లైన్’ వచ్చింది. 1997లో ‘పబ్‌మెడ్’ పేరుతో అందరికీ ఉచితమైంది. అచ్చు ఇండెక్సు 2004తో ఆగిపోయింది. దుమ్ము లేదు, తుమ్ములు లేవు, నిచ్చెన ఎక్కక్కర్లేదు. మాట టైపు చేస్తే చాలు, క్షణంలో జాబితా కళ్ళముందుంటుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెట్టిన నాటినుంచీ ఉన్నవే అందులో ఉంటాయి గనక, చాలాకాలం ఆ జాబితా 1966 దగ్గర ఆగిపోయేది. అంతకుముందువి కాగితం మీదే ఉండిపోయాయి. 1966 అన్నది ఒక గోడ. గోడ ఉందని తెలిసినవాళ్ళు తలెత్తి అవతలికి చూస్తారు. పుట్టినప్పటినుంచీ కంప్యూటరే చూసినవాళ్ళకి ప్రపంచం అక్కడితో అయిపోయినట్టే.

2001లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసం మీద ఒక పరిశోధన జరిగింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఊపిరితిత్తులు గాలి దారుల్ని ఎలా తెరిచి ఉంచుకుంటాయో తెలుసుకోవాలని, స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళ చేత హెక్సామెథోనియం అనే మందు పీల్పించారు. 1950లలో రక్తపోటుకి వాడి, తర్వాత పక్కన పెట్టేసిన మందు అది. అలా వచ్చినవాళ్ళలో 24 ఏళ్ళ అమ్మాయి ఉంది. అక్కడే ఉద్యోగం చేసేది. ఏ జబ్బూ లేని పిల్ల. మే 4న మందు పీల్చింది. ఊపిరితిత్తులు పాడై జూన్ 2న చనిపోయింది.

విచారణలో తేలిన సంగతేమిటంటే, పరిశోధకుడు వెతకకపోలేదు. వెతికాడు. పబ్‌మెడ్ చూశాడు, పాఠ్యగ్రంథాలు చూశాడు. ఆ మందు కొందరు రోగుల ఊపిరితిత్తుల్ని దెబ్బతీసిందని డాక్టర్లు రాసిన వ్యాసాలు 1950ల నాటివి. గోడకి అవతలున్నాయి. ఆ తర్వాత గ్రంథాలయాల వాళ్ళు పాత సూచికలు తిరగేస్తే బయటపడ్డాయి. ఆ జూలైలో ప్రభుత్వం ఆ విశ్వవిద్యాలయంలో తన డబ్బుతో జరిగే మానవ ప్రయోగాలన్నిటినీ కొద్దిరోజులు ఆపించింది కూడా.

ఆ వ్యాసాలు చదివి ఉంటే ఆ పిల్ల తప్పక బతికేదని నేను అనను. పాతకాలం రోగులు ఆ మందుని పీల్చలేదు, రక్తపోటు కోసం వేరే విధంగా తీసుకున్నారు. పైగా అప్పటికే జబ్బుతో ఉన్నవాళ్ళు. నా బాధ వేరు. ప్రయోగానికి ఒప్పుకుంటూ ఆమె సంతకం పెట్టిన కాగితంలో ‘వెనకటికి ఈ మందువల్ల కొందరి ఊపిరితిత్తులు చెడినట్టు రాశారు’ అని ఒక్క వాక్యం ఉంటే, పెట్టేదో మానేదో, అది ఆమె ఇష్టం. ఆ ఒక్క వాక్యం ఎక్కడో షెల్ఫులో ఉంది. ఆమె దాకా రాలేదు.

ఇక్కడే నాకు ఒక ధర్మసందేహం. "నాకు తెలీదండీ" అనడాన్ని లోకం చాలా ఉదారంగా క్షమిస్తుంది. తెలిసి చేస్తే పాపం, తెలియక చేస్తే పొరపాటు అని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. కానీ తెలియకపోవడంలో రెండు రకాలున్నాయి కదా! ఎవరికీ తెలియనిది ఒకటి. ఎవరో కష్టపడి కనిపెట్టి, రాసి, అచ్చువేయించి పెడితే మనం చూడనిది ఇంకొకటి. ఈ రెండోదానికి కూడా అదే క్షమాపణ వర్తిస్తుందా?

పసిపిల్లల విషయం తీసుకోండి. పాశ్చాత్య దేశాల్లో కొన్ని దశాబ్దాలపాటు, పసికందుల్ని బోర్లా పడుకోబెట్టమని పుస్తకాలు చెప్పాయి. తల్లులందరూ వేదంలా చదువుకునే డాక్టర్ స్పాక్ పుస్తకం కూడా 1950ల చివరినుంచి అదే చెప్పింది. వెల్లకిలా పడుకుంటే కక్కుకున్నప్పుడు పాలు గొంతుకి అడ్డుపడతాయని ఆయన భయం. వినడానికి ఎంత సబబుగా ఉంది! నిద్రలోనే, కారణం తెలియకుండా పిల్లలు చనిపోవడానికీ ఈ బోర్లా పడకకీ సంబంధం ఉందని తర్వాత తేలింది. 1991లో బ్రిటన్, 1994లో అమెరికా వెల్లకిలా పడుకోబెట్టండని ప్రచారం చేశాయి. మరణాలు బాగా తగ్గాయి. కథ అక్కడితో అయిపోలేదు. 2005లో కొందరు పరిశోధకులు పాత వ్యాసాలన్నీ ఒకచోట చేర్చి లెక్కవేసి చూశారు. ఆ సాక్ష్యం 1970 నాటికే ఉంది! ఎవరైనా అప్పుడే కూర్చి చూసి ఉంటే బ్రిటన్‌లో 10,000కు పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాల్లో కలిపి కనీసం 50,000 మంది పిల్లలు దక్కి ఉండేవారేమోనని వాళ్ళ అంచనా.

మన చీర ఉయ్యాలలో పిల్లల్ని బోర్లా పడుకోబెట్టడం ఎలాగూ కుదరదు. వాడంతట వాడు బోర్లా పడితే మనకి బొబ్బట్లు చేసుకునేంత పండగ. అయినా దాన్ని చూసి మనవాళ్ళు ముందే కనిపెట్టారని మురిసిపోకండి. కనిపెట్టడం వేరు, కలిసిరావడం వేరు. నాకు ఆ తల్లులే గుర్తొస్తారు. పుస్తకంలో ఉన్నట్టే, ఎంతో శ్రద్ధగా బిడ్డని బోర్లా తిప్పి, దుప్పటి కప్పి, దీపం ఆర్పి వెళ్ళిన తల్లులు. వాళ్ళ శ్రద్ధలో లోపం లేదు. వాళ్ళకి సలహా ఇచ్చినవాళ్ళ శ్రద్ధ సంగతే నేను అడుగుతున్నది.

వెతకడం అంత తేలిక అనుకుంటే అదీ పొరపాటే. పాత వైద్య సాహిత్యంలో వెతకాలంటే పాతవాళ్ళ మాటల్లో అడగాలి. ఇవాళ టి.బి. అంటాం. వందేళ్ళ కిందటి ఇంగ్లీషు డాక్టరు ‘కన్సంప్షన్’ అనో ‘థైసిస్’ అనో రాశాడు. మశూచి అని వెతికితే మన పెద్దవాళ్ళ ఉత్తరాల్లో ఎక్కడా కనిపించదు. ‘అమ్మవారు పోసింది’ అని ఉంటుంది. మనం అడిగిన మాటకే యంత్రం జవాబిస్తుంది గానీ, మన మనసులో ఉన్నదానికి కాదు.

ప్రసవమయ్యాక వచ్చి ప్రాణాలు తీసే బాలింత జ్వరం సంగతి చూడండి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, పురుడు పోసేవాళ్ళు సున్నపు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కుంటే మరణాలు తగ్గుతాయని చూపించాడని చాలామందికి తెలుసు. అంతకు 52 ఏళ్ళ ముందే, 1795లో, స్కాట్లండులోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ గోర్డన్ అనే డాక్టరు ఈ జ్వరాన్ని బాలింత నుంచి బాలింతకి మోసుకెళ్ళేది మంత్రసానులూ డాక్టర్లేనని పుస్తకమే రాశాడు. 77 మంది రోగుల పట్టిక వేసి, ఎవరికి ఎవరు పురుడు పోశారో పేర్లతో సహా చూపించాడు. తనవల్ల కూడా ఎందరికో అంటిందని దాచకుండా ఒప్పుకున్నాడు. ఊరు ఆయన్ని మెచ్చుకుందా? మండిపడింది. ఆయన ఊరు వదిలి తిరిగి నౌకాదళంలో చేరి, 1799లో పోయాడు. 1843లో అమెరికాలో హోమ్స్ అనే డాక్టరు ఆ పుస్తకాన్ని వెతికి పట్టుకుని మళ్ళీ లోకానికి చెప్పాడు. అప్పుడూ పెద్దగా ఎవరూ వినలేదు.

పాతదంతా బంగారమని చెప్పడం లేదు సుమా! అదే పుస్తకంలో గోర్డన్, జ్వరం వచ్చిన బాలింతకి ఒంట్లోంచి బోలెడంత రక్తం తీసెయ్యమని కూడా చికిత్స చెప్పాడు. ఒకే పేజీల మధ్య అమృతమూ ఉంది, విషమూ ఉంది. దొరికింది కదా అని కళ్ళకద్దుకోకుండా, ఆ తర్వాతివాళ్ళు ఏమన్నారో కూడా చదవాలి. వెతకడంలో సగం కష్టం అదే.

ఆ పట్టికలో నన్ను పట్టి ఆపేది ఇంకొకటుంది. మంత్రసానుల పేర్లు అందులో ఉన్నాయి, వాళ్ళ మాటలు లేవు. వాళ్ళు ఏం చూశారో, ఏం అనుమానించారో, ఏ ఇంట్లో చేతులు కడుక్కున్నారో ఎవరూ రాయలేదు. ఎంత గొప్ప సూచికలో వెతికినా, రాయనిది దొరకదు. అచ్చమైన ‘లేదు’ అదొక్కటే నేమో! అక్కడ నిజంగానే డబ్బా ఖాళీ.

మరయితే ఎంతవరకు వెతకాలి? రోగి ఎదురుగా ఆయాసపడుతుంటే డాక్టరు 1795 దాకా వెళ్ళి రాగలడా? వెళ్ళకూడదు కూడా. అంతా చదివాకే చేస్తానని కూచునేవాడు చేతకానితనానికి చదువు ముసుగు వేసుకున్నవాడే అవుతాడు. నాకు తోచింది చెబుతాను. ఇది సిద్ధాంతం కాదు, ఒక గుమాస్తా లెక్క. నష్టం ఎవరి ఒంటి మీద పడుతుంది? నా ఒంటి మీదయితే, బద్ధకించే హక్కు నాకుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంకొకరి ఒంటి మీద, వాళ్ళ మేలుకి కాకుండా నా ప్రశ్నకి జవాబు కోసం ప్రయోగం చేస్తున్నానంటే, యంత్రం ఆగినచోట ఆగే హక్కు నాకు లేదు. అవసరంలో ఉన్న డాక్టరుకి క్షమాపణ ఉంది. తీరుబడి ఉన్న పరిశోధకుడికి అంత సులువుగా లేదు.

ఇప్పుడు మెడ్‌లైన్ 1946 దాకా వెనక్కి వెళ్ళింది. బిల్లింగ్స్ కేటలాగు కూడా 2004లో కంప్యూటరు కెక్కింది. గోడ జరిగింది గానీ పోలేదు. దానికితోడు అడిగినదానికల్లా తీయగా జవాబు చెప్పే కొత్త యంత్రాలొచ్చాయి. ‘దొరకలేదు’ అనడానికి మొహమాటపడి, లేని వ్యాసాలకి పేరూ సంవత్సరమూ కల్పించి చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. దానికన్నా ఆవాలు లేవన్న మగవాడే నయం.

నేను రిటైరయ్యే ముందు ఒక పి.జి. అమ్మాయి థీసిస్ కోసం వచ్చి, "మేడమ్, ఈ టాపిక్ మీద ఇంతవరకు ఎవరూ పనిచెయ్యలేదు, చూశాను" అంది. ఎక్కడ చూశావమ్మా అని అడిగాను. చెప్పింది. ఏ మాటలతో అడిగావు, ఏ సంవత్సరం నుంచి చూశావు అన్నాను. ఆ పిల్ల కొంచెం చిరాకు పడి, కొంచెంసేపు ఆలోచించి, కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. సాయంత్రానికి పాత బైండు సంపుటాల గదిలో కింద కూచుని, చీరకొంగుతో ముక్కు మూసుకుని పేజీలు తిప్పుతోంది. థీసిస్‌లో ఆమె చివరికి ‘ఎవరూ చెయ్యలేదు’ అని రాయలేదు. ఫలానా సూచికల్లో, ఫలానా మాటలతో, ఫలానా సంవత్సరం దాకా వెతికితే నాకు కనిపించలేదు అని రాసింది. వాక్యం బాగా పొడుగైందని వాళ్ళ గైడు విసుక్కున్నాడట.