నిలుచువాడు ఎట్లు నిలుచును?

(ధ్యానమునకు: సామెతలు 24:16, యాకోబు 1:22–25, గలతీయులకు 6:1–2)

సైకిలు ఎరుగని పల్లె మనలో లేదు. నారాయణపేట చుట్టుపట్ల గ్రామములలో పాలక్యాన్లు కట్టుకొని పోవువారును, బడికి పోవు పిల్లలును, నేసిన చీరల మూట వెనుక పెట్టుకొని సంతకు పోయిన పెద్దలును దానిమీద తిరిగినవారే. అయినను ఆ రెండు చక్రముల బండి తనంతట తాను నిలువదు. స్టాండు తీసిన మరుక్షణమే ప్రక్కకు ఒరుగును. నిలువలేనిదానిమీద మనుష్యుడు ఎట్లు నిలుచుచున్నాడు? ఈ చిన్న ప్రశ్నలో ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. మంచి నడతలో నిలుచుట అనగా ఎన్నడును ఒరగకుండుటయా? ఒరిగినవానిని, పడినవానిని మనము ఏమని యెంచవలెను? ఈ నెల దీనినిగూర్చి ఆలోచింతము.

పండుగ దినములలో మన ఊళ్లలో నెమ్మది సైకిలు పందెము పెట్టుదురు. సున్నముతో గీతలు గీసి, ఒక్కొక్కనికి ఒక్కొక్క సందు ఇచ్చెదరు. అందరికంటె కడపట చేరినవానిదే గెలుపు. గీత దాటరాదు, పాదము నేలకు ఆనించరాదు. వేగముగా త్రొక్కుటలో పేరుపొందినవారు ఈ పందెములో మొదటనే కాలు దింపుదురు. వేగముగా పోవునప్పుడు బండి కొంతవరకు తానే తన్ను నిలుపుకొనును. నెమ్మదిలో ఆ సహాయము లేదు. అక్కడ మనుష్యుని నేర్పు బయలుపడును.

ఈ నేర్పునే కష్టమైన విద్యగా పెంచినవారు దూరదేశములలో ఉన్నారు. దానికి సైకిలు ట్రయల్స్ అని పేరు. స్పెయిను దేశపు కాటలోనియా ప్రాంతములో, 1970వ దశాబ్దములో, మోటారు సైకిలు ట్రయల్స్‌నుండి ఇది పుట్టెను. పెరె పీ అను ఆయన తన కుమారుడైన ఓట్ పీ అభ్యాసము నిమిత్తము దీనికి పునాది వేసెను. 1986 నుండి దీనికి ప్రపంచ పోటీలు జరుగుచున్నవి. మన గుట్టలమీద ఉన్నటువంటి బండరాళ్లమీద, దుంగలమీద, పాదము నేలకు ఆనకుండ సైకిలుతో దాటుటయే ఆ పోటీ.

అందులో నేర్చుటకు మిక్కిలి కష్టమైనది వెనుక చక్రమొక్కదానిమీద నిలుచుట. రౌతు సీటుమీద కూర్చుండడు, పెడళ్లమీద నిలిచియుండును. వెనుక బ్రేకు గట్టిగా పట్టి, ముందు చక్రమును గాలిలోనికి ఎత్తి, ఉన్నచోటనే చిన్న చిన్న గెంతులు వేయును. శరీరపు బరువు ముందుకు ఒరిగినయెడల, బ్రేకు వదలి పెడలును ఒక్క త్రొక్కు త్రొక్కి చక్రమును ముందుకు తెచ్చును. వెనుకకు ఒరిగినయెడల, బ్రేకు పట్టియే వెనుకకు గెంతును. మొదట రెండు గెంతులకే కాలు దిగును. తరువాత మూడు, తరువాత నాలుగు. దినదినము, నెలల తరబడి అభ్యాసము చేయగా ఆ నిలకడ వచ్చును. ఈ విద్యనుండి మనము మూడు సంగతులు నేర్చుకొనవచ్చును.

మొదటిది: నిలకడ అనగా కదలకుండుట కాదు.

నెమ్మది పందెములో గెలిచినవాని చేతులను చూడుడి. దూరమునుండి చూచువారికి అతడు బొమ్మవలె నిలిచియున్నట్లు కనబడును. దగ్గరకు పోయి చూచినయెడల, హ్యాండిలు ఒక్క క్షణమైనను ఊరకుండదు. ఇటు కొంచెము, అటు కొంచెము. అతడు ఒరగనివాడు కాడు. ఒరిగిన వెంటనే సరిదిద్దుకొనువాడు. ఒరుగుట చిన్నదిగా ఉన్నప్పుడు వ్రేలెడు కదలిక చాలును. ఆలస్యమైన తరువాత రెండు చేతుల బలమును చాలదు. మన నడతయు అట్టిదే. ఒక కఠినమైన మాట పలికిన సాయంకాలమే పోయి సమాధానపడినవానికి ఒక్క మాట చాలును. అదే సంగతి మూడు సంవత్సరములు నిలిచినయెడల, పెద్దలు కూర్చున్నను, పంచాయితీ జరిగినను తెగదు. తాను ఎన్నడును ఒరగనని చెప్పుకొనువానికంటె, ఒరిగినది త్వరగా గుర్తించువాడే స్థిరమైనవాడు.

రెండవది: ఒరిగిన వైపునకే తిప్పవలెను.

క్రొత్తగా నేర్చుకొనువాడు ఎడమకు ఒరిగినప్పుడు భయపడి కుడికి తిప్పును; అందువలననే పడును. ఎడమకు ఒరిగినప్పుడు చక్రము ఎడమకే తిరుగవలెను. అప్పుడు చక్రము బరువు క్రిందికి వచ్చి, బండి లేచి నిలుచును. వెనుక చక్రముమీద నిలుచువాడు చేయునదియు ఇదే. బరువు ఎటు పోవునో అటే చక్రమును తీసికొనిపోవును. భయము మనకు చెప్పునది ఒకటి, మనలను నిలుపునది మరియొకటి.

అప్పుపడినవాడు ఏమి చేయుచున్నాడు? షావుకారి వీధి తప్పించి చుట్టు తిరిగి పోవుచున్నాడు. ఆ వీధి తప్పించుకొన్నంతకాలము వడ్డీ పెరుగుచునేయుండును. తిన్నగా ఆ గుమ్మము ఎక్కి, ఇంత ఉన్నది, ఇంత లేదు, ఇంత గడువు కావలెను అని చెప్పినవాడు తన పతనమునకు ఎదురు తిరిగినవాడు కాడు, దాని వైపునకే తిరిగి దానిని ఆపినవాడు. దాచినది ఒరుగుచునేయుండును, ఒప్పుకొన్నది నిలుచును.

మూడవది: ఈ విద్య వినుటవలన రాదు.

హంగేరీ దేశములో పుట్టిన మైకేల్ పోలానీ అను పండితుడు 1958లో ప్రచురించిన తన గ్రంథములో సైకిలును ఉదాహరణగా తీసికొనెను. సైకిలు నిలుచుటకు ఒక లెక్క ఉన్నది. ఎంత ఒరిగిన ఎంత మలుపు త్రొక్కవలెనో, ఆ మలుపు వేగమునుబట్టి ఎట్లు మారునో ఆ లెక్క చెప్పును. త్రొక్కువారెవరును దానిని ఎరుగరు. ఎరిగినందున త్రొక్కుట రాదు. మనుష్యుడు చెప్పగలిగినదానికంటె ఎక్కువ ఎరిగియుండునని ఆయన భావము. యాకోబు పత్రిక వినువారిని, చేయువారిని వేరుచేసి చూపుటలోని మర్మము మనకు ఇక్కడ కొంత బోధపడుచున్నది. క్షమించుటనుగూర్చి నూరు ప్రసంగములు విన్నవానికి క్షమించుట వచ్చినట్లు కాదు. పొలము గట్టు జరిపిన పొరుగువాని యింటికి ఒక్కసారి పోయి పలుకరించినవానికి అది కొంచెము వచ్చినది.

మరి పెద్దల పని యేమి? సీటు అందని పిల్లవాడు కడ్డీ క్రిందనుండి కాలు దూర్చి అడ్డతొక్కుడు త్రొక్కునప్పుడు, వెనుక ఒక అన్నయో తండ్రియో పట్టుకొని పరుగెత్తును. ఎన్నటికిని వదలనియెడల పిల్లవానికి విద్య రాదు. వదలి ఇంటికి పోయినయెడల వానిని లేపువాడు లేడు. చేయి వదలవలెను గాని ప్రక్కన పరుగెత్తుట మానరాదు. పెద్దరికములో కష్టమంతయు ఇక్కడనే యున్నది.

అయితే ఒకరు ఇట్లు అడుగవచ్చును: పడుటయే పాఠమైనయెడల, పడుటలో తప్పేమి? త్రాగుడు మానెదనని మాట యిచ్చి మరల త్రాగినవాడు, నేను నేర్చుకొనుచున్నానని చెప్పినయెడల ఏమందుము?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ప్రతి పాటును పాఠము కాదు. బ్రిటను దేశస్థుడైన మార్టిన్ ఆష్టన్ ట్రయల్స్‌లో మిక్కిలి ప్రవీణుడు. 2013లో ఒక ప్రదర్శనలో పడగా ఆయన వెన్నెముక దెబ్బతిని కాళ్లు చచ్చుబడెను. 2015లో ఆయన స్నేహితుల సహాయముతో, తనకొరకు మార్చిన సైకిలుమీద మరల కొండ దిగెను. ఆ ధైర్యము గొప్పది. అయినను పోయిన కాళ్లు తిరిగి రాలేదు. ఎంత నేర్పరికైనను కొన్ని పాటుల వెల తీరదు.

అందుచేత తెలిసిన రౌతు మొదటి దినమే బండరాయి ఎక్కడు. నేలమీద నేర్చును, తరువాత ఇటుక యెత్తున, తరువాత మెట్టు యెత్తున. త్రాగుడు మానదలచినవాడును సాయంకాలము కల్లు దుకాణము ముందునుండి నడచి తన బలము చూపనవసరము లేదు. వేరొక దారిని ఇల్లు చేరుటయే మొదటి మెట్టు. అప్పును తప్పించుకొనుట వేరు, శోధనను తప్పించుకొనుట వేరు. ఒకటి చేసినదానినుండి పారిపోవుట. మరియొకటి చేయకుండ జాగ్రత్తపడుట.

ఇంకొక సంగతి గలదు. ఒంటరిగా నేర్చుకొనువాడు పడినయెడల వాని మోకాలే చిట్లును. వెనుక క్యారియరుమీద బిడ్డను కూర్చుండబెట్టుకొని గెంతులు వేయువాడు పడినయెడల ఆ బిడ్డ పడును. త్రాగినవాని పాటులో భార్య కూలి డబ్బు పోవును, పిల్లల అన్నము పోవును. వానిని ఏడుమారులైనను లేపుట సంఘమునకు తగును. అయితే మన ఓర్పునకు వెల ఆ భార్యచేత కట్టించుట న్యాయము కాదు. వానిని లేపు చేతులు కొన్ని, ఆ బిడ్డను క్యారియరుమీదనుండి దింపి కాపాడు చేతులు కొన్ని, రెండును కావలెను. కనికరమొక్కటే చూపి కాపుదల మరచిన సంఘము ఒక ప్రక్కకు ఒరిగినది. కాపుదల పేర పడినవానిని వెలివేసిన సంఘము రెండవ ప్రక్కకు ఒరిగినది. సంఘమును రెండు చక్రముల బండివంటిదే. దినదినము సరిదిద్దుకొనినగాని నిలువదు.

చదువరులారా, ఈ వారములో మీరు ఎటు ఒరుగుచున్నారో నెమ్మదిగా పరిశీలించుకొనుడి. అది ఇంకను వ్రేలెడంతయే ఉన్నప్పుడు ఆ వైపునకు తిరుగుడి. మీ ప్రక్కన ఎవరైన పడియున్నయెడల, ఎందుకు పడితివని అడుగుటకు ముందు చేయి యియ్యుడి. వానితోకూడ ఇంకెవరు పడిరో చూచి వారినికూడ లేపుడి. మన నిలకడ మన గర్వమునకు కాక, పొరుగువాని మేలునకు కారణమగును గాక.